గోడోలో స్పాన్ చేసిన ఆబ్జెక్టులను తొలగించడం: పూర్తి మార్గదర్శి

ఆట మొదలైన కొత్తలో అంతా బాగానే ఉంటుంది. ఐదు నిమిషాలకు కదలికలు కాస్త బరువెక్కుతాయి. పది నిమిషాలకు ఫోన్ వెనకవైపు కాలుతుంది, బొమ్మలు ఆగి ఆగి కదులుతాయి. ఎర్రర్ మాత్రం ఒక్కటీ రాదు. నేను చేసిన మొదటి ఆటలో సరిగ్గా ఇదే జరిగింది. కారణం పట్టుకోవడానికి రెండు రాత్రులు పట్టింది. తెర దాటిపోయిన రాళ్లన్నీ ఇంకా ఎగురుతూనే ఉన్నాయి. కంటికి కనబడటం లేదు కాబట్టి పోయాయనుకున్నాను.

లెక్క వేసి చూడండి. ఆటగాడు సెకనుకు 5 రాళ్లు విసిరితే పది నిమిషాలకు 3,000 రాళ్లు. గోడో అనే గేమ్ ఇంజిన్‌లో ఫిజిక్స్ (కదలికలు, తాకిళ్ల లెక్క) మామూలుగా సెకనుకు 60 సార్లు నడుస్తుంది. అంటే ఎవరూ చూడని రాళ్లను కదిలించడానికే సెకనుకు 1,80,000 సార్లు ఫంక్షన్ నడుస్తోంది. ఏ ఫోన్ తట్టుకుంటుంది?

ఈ మార్గదర్శి గోడో 4, దాని సొంత ప్రోగ్రామింగ్ భాష జీడీస్క్రిప్ట్ కోసం. ఉదాహరణకు ఒక చిన్న 2డీ ఆట తీసుకుందాం: జొన్న చేనులో మంచె మీద ఒక పిల్లవాడు వడిసెల తిప్పి రాళ్లు విసురుతుంటాడు, గుంపులుగా వాలే పిట్టలను తోలుతుంటాడు. రాళ్లు, పిట్టలు, రాయి పడ్డచోట లేచే దుమ్ము, ఇవన్నీ ఆట నడుస్తుండగా పుట్టేవే. ఇలా పుట్టించడాన్నే స్పాన్ చేయడం అంటారు. పుట్టినవన్నీ పోవాలి కూడా.

ఒక మాట. ఆజ్ఞల పేర్లను ఇక్కడ పలికే తీరులో తెలుగులో రాస్తున్నాను. ఎడిటర్‌లో టైప్ చేసేటప్పుడు వాటిని ఇంగ్లిష్ అక్షరాల్లోనే రాయాలి. మొదటి రెండు మూడు అక్షరాలు కొట్టగానే ఎడిటర్ మిగతా పేరు చూపిస్తుంది కాబట్టి స్పెల్లింగ్ గురించి టెన్షన్ అక్కర్లేదు.

ముందు తెలుసుకోవాల్సింది: ఏది తనంతట తాను పోతుంది, ఏది పోదు

సీషార్ప్, జావా నేర్చుకుని వచ్చినవాళ్లకు ఒక అలవాటు ఉంటుంది: వాడటం మానేస్తే చాలు, చెత్త ఏరే యంత్రాంగం ఎప్పుడో వచ్చి ఎత్తుకుపోతుందని. జీడీస్క్రిప్ట్‌లో అలాంటి యంత్రాంగం లేదు. ఇక్కడ మూడు రకాలున్నాయి.

రెఫ్‌కౌంటెడ్ రకం వస్తువులు (బొమ్మలు, శబ్దాల్లాంటి రిసోర్సులు అన్నీ ఈ కోవలోవే) తమను ఎందరు పట్టుకున్నారో లెక్కపెట్టుకుంటాయి, లెక్క సున్నాకు వస్తే పోతాయి. వీటి మీద ఫ్రీ() అని పిలిస్తే ఎర్రర్ వస్తుంది. ఇలాంటివి రెండు ఒకదాన్నొకటి పట్టుకుని కూర్చుంటే మాత్రం లెక్క ఎప్పటికీ సున్నాకు రాదు, అప్పుడు ఒకవైపు వీక్‌రెఫ్ (లెక్కలోకి రాని పట్టు) వాడాలి. రెండోది నేరుగా ఆబ్జెక్ట్ నుంచి పుట్టినవి. వాటికి ఫ్రీ() మనమే పిలవాలి. మూడోది నోడ్, అంటే ఆటను కట్టే ఒక్కో ముక్క. రాయి, పిట్ట, దుమ్ము అన్నీ నోడ్‌లే. నోడ్‌ను ఎవరూ పట్టుకోకపోయినా అది మెమరీలో అలాగే ఉంటుంది. మనం పొమ్మంటే పోతుంది, లేదా దాని తల్లి నోడ్ పోయినప్పుడు దానితోపాటు పోతుంది.

అందుకే స్పాన్ చేసే లైను రాసేటప్పుడే రెండు ప్రశ్నలు వేసుకోవాలి: దీన్ని ఎవరు తొలగిస్తారు? ఎప్పుడు? జవాబు తెలియకుండా ఆ లైను రాయకండి. తొలగింపులో వచ్చే గొడవల్లో చాలా భాగం అసలు పుట్టుక దగ్గరే మొదలవుతాయి.

అడుగు 1: పుట్టే చోటు సరిగ్గా ఎంచుకోండి

గోడోలో సీన్ అంటే కొన్ని నోడ్‌లను కలిపి దాచుకున్న అచ్చులాంటి ఫైలు. దాని నుంచి స్పాన్ చేయడం మామూలుగా ఇలా ఉంటుంది:

కాన్‌స్ట్ రాయి_సీన్ = ప్రీలోడ్("రెస్://రాయి.టీఎస్‌సీఎన్")
వార్ రాయి = రాయి_సీన్.ఇన్‌స్టాన్షియేట్()
యాడ్_చైల్డ్(రాయి)

పాత పాఠాల్లో ఇన్‌స్టాన్షియేట్ బదులు ఇన్‌స్టాన్స్ అని కనిపిస్తే అది గోడో 3 కోడ్ అని గుర్తుపట్టండి.

అసలు విషయం మూడో లైనులో ఉంది. యాడ్_చైల్డ్ అని ఊరికే రాస్తే ఏ స్క్రిప్టులో రాశామో ఆ నోడ్ కిందికి రాయి చేరుతుంది. పిల్లవాడి స్క్రిప్టులో రాస్తే రాయి పిల్లవాడి కిందికి వెళ్తుంది. అప్పుడు పిల్లవాడు మంచె మీద అటు నడిస్తే గాల్లో ఉన్న రాయీ అటు జరుగుతుంది. పిల్లవాడి నోడ్‌ను తీసేస్తే గాల్లో ఉన్న రాళ్లన్నీ ఒక్కసారిగా మాయమవుతాయి.

దీనికి విరుగుడుగా చాలామంది చేసే పని గెట్_ట్రీ().రూట్.యాడ్_చైల్డ్(రాయి). ఇది ఇంకా పెద్ద చిక్కు. లెవెల్ మార్చడానికి చేంజ్_సీన్_టు_ఫైల్ పిలిస్తే గోడో ప్రస్తుత సీన్‌ను మాత్రమే తీసేస్తుంది. రూట్ (ఆటలోని నోడ్‌ల చెట్టుకు మొదలు) కింద నేరుగా చేర్చినవి అలాగే మిగిలిపోతాయి. మెనూ తెర మీద నుంచి రాయి ఎగురుకుంటూ వెళ్లడం చూశారంటే కారణం ఇదే.

నేను చేసేది ఇది: ప్రతి లెవెల్ సీన్‌లో "పుట్టినవి" అని ఒక ఖాళీ నోడ్2డీ పెడతాను. దాన్ని "పుట్టినవి_చోటు" అనే గ్రూపులో చేరుస్తాను. స్పాన్ చేసే ఏ స్క్రిప్టయినా గెట్_ట్రీ().గెట్_ఫస్ట్_నోడ్_ఇన్_గ్రూప్("పుట్టినవి_చోటు") అని దాన్ని తెచ్చుకుని, దాని కిందే చేర్చాలి. దీంతో రెండు లాభాలు. లెవెల్ పోతే అన్నీ దానితోపాటు పోతాయి. మధ్యలో అన్నింటినీ ఊడ్చేయాలన్నా ఒక్కచోటే చూస్తే సరిపోతుంది.

ఇంకో జాగ్రత్త. ఇన్‌స్టాన్షియేట్ చేసి, ఏదో షరతు కుదరక యాడ్_చైల్డ్ చేయకుండా ఫంక్షన్ నుంచి బయటికి వచ్చేస్తే ఆ నోడ్ అనాథగా మిగిలిపోతుంది. నోడ్‌ల చెట్టులో ఉండదు కాబట్టి కనిపించదు, మెమరీలో మాత్రం ఉంటుంది. షరతులన్నీ ముందు చూసుకుని, ఆ తర్వాతే ఇన్‌స్టాన్షియేట్ చేయండి.

అడుగు 2: తొలగించే ఆజ్ఞ ఏది

నూటికి తొంభై తొమ్మిది సార్లు కావాల్సింది క్యూ_ఫ్రీ(). ఫ్రేమ్ అంటే ఆట తెరను ఒకసారి గీసే వ్యవధి. ఇది నోడ్‌ను అక్కడికక్కడ చంపదు, "ఈ ఫ్రేమ్ చివర దీన్ని తీసేయాలి" అని జాబితాలో రాసుకుంటుంది. ఫ్రేమ్‌లో మిగతా కోడ్ నడిచాక నోడ్‌నూ దాని పిల్లలనూ కలిపి తొలగిస్తుంది. ఒకే నోడ్ మీద రెండుసార్లు పిలిచినా ప్రమాదం లేదు.

ఫ్రీ() మాత్రం ఆ క్షణంలోనే తొలగిస్తుంది. అదే నోడ్ ఫంక్షన్ ఇంకా నడుస్తుండగానో, అది సిగ్నల్ (ఏదో జరిగిందని మిగతా నోడ్‌లకు చెప్పే కబురు) పంపుతుండగానో దాన్ని ఫ్రీ() చేయబోతే, తాళం పడి ఉన్న ఆబ్జెక్టును తీయబోయారని ఇంజిన్ ఎర్రర్ ఇస్తుంది. చెట్టులో ఇంకా చేర్చని నోడ్‌ను పారేయడానికి ఫ్రీ() ఫర్వాలేదు. ఆటలో తిరుగుతున్న వాటికి వద్దు.

రిమూవ్_చైల్డ్() పేరు చూసి మోసపోకండి. అది తల్లి నుంచి విడదీస్తుందంతే, మెమరీ నుంచి తీయదు. మళ్లీ చేర్చుకునే ఉద్దేశం ఉంటేనే దాన్ని ఒంటరిగా వాడాలి. హైడ్() కూడా ఇలాంటిదే: బొమ్మ కనిపించదు, కానీ తాకిళ్లు తగులుతూనే ఉంటాయి, ప్రాసెస్ నడుస్తూనే ఉంటుంది.

క్యూ_ఫ్రీ() ఫ్రేమ్ చివరిదాకా ఆగుతుందన్న ఒక్క విషయం బాగా ఒంటబడితే కింద చెప్పే చిక్కుల్లో సగం వాటంతట అవే అర్థమవుతాయి. ఆ కాస్త వ్యవధిలో నోడ్ ఇంకా బతికే ఉంటుంది. గ్రూపులో ఉంటుంది, పిల్లల లెక్కలో ఉంటుంది, తాకిళ్ల సిగ్నళ్లు దానికి వస్తాయి, దాని పేరు కూడా దాని దగ్గరే ఉంటుంది.

పేరు సంగతికి ఒక ఉదాహరణ. "నాయకపిట్ట" అనే నోడ్‌ను క్యూ_ఫ్రీ() చేసి, వెంటనే అదే పేరుతో కొత్తదాన్ని చేర్చారనుకోండి. పాతది ఇంకా అక్కడే ఉంది కాబట్టి కొత్తదానికి గోడో వేరే పేరు పెడుతుంది. తర్వాతి ఫ్రేమ్ నుంచి ఆ పేరుతో వెతికితే ఏదీ దొరకదు. ఇలాంటి చోట ముందు రిమూవ్_చైల్డ్(పాతది), ఆ వెంటనే పాతది.క్యూ_ఫ్రీ(), ఆ తర్వాత కొత్తదాన్ని చేర్చాలి.

అడుగు 3: తెర దాటినవాటిని తీసేయండి

పాఠాలన్నీ చెప్పేది విజిబుల్‌ఆన్‌స్క్రీన్‌నోటిఫయర్2డీ. రాయి సీన్‌లో దీన్ని పిల్లగా చేర్చి, దాని స్క్రీన్_ఎగ్జిటెడ్ సిగ్నల్‌ను రాయి క్యూ_ఫ్రీకి కలిపితే చాలు. నేరుగా ఒకే దిక్కుకు పోయే బాణాలు, తూటాలకు ఇది చక్కగా పనిచేస్తుంది. దాని చతురస్రం బొమ్మంత పెద్దగా ఉందో లేదో చూసుకోండి. లేకపోతే బొమ్మ సగం తెర మీద ఉండగానే మాయమవుతుంది.

మన ఆటలో మాత్రం ఇది దెబ్బతీస్తుంది. వడిసెల రాయి పైకి లేచి, తెర పైఅంచు దాటి, మళ్లీ వంపు తిరిగి చేలో పడుతుంది. పైఅంచు దాటగానే స్క్రీన్_ఎగ్జిటెడ్ వస్తుంది, రాయి అక్కడే పోతుంది. గట్టిగా విసిరిన రాళ్లు ఒక్కటీ కింద పడటం లేదంటే కారణం ఇదే.

ఇంకో లోపం కూడా ఉంది. తెర బయట పుట్టి, అసలు తెర మీదికి ఎప్పుడూ రాని నోడ్‌కు ఈ సిగ్నల్ రానే రాదు. లోపలికి వస్తేనే కదా బయటికి వెళ్లేది. పిట్టల గుంపును తెర అంచు బయట పుట్టిస్తాం. వాటిలో ఒకటి దారి తప్పి అటే ఎగిరిపోతే అది ఎప్పటికీ మిగిలిపోతుంది.

అందుకే ఇలాంటి ఆటలకు నేను హద్దులే నేరుగా చూస్తాను:

ఫంక్ _ఫిజిక్స్_ప్రాసెస్(డెల్టా):
    వేగం.వై += 900 * డెల్టా
    పొజిషన్ += వేగం * డెల్టా
    ఇఫ్ గ్లోబల్_పొజిషన్.వై > 750 ఆర్ గ్లోబల్_పొజిషన్.ఎక్స్ < -200 ఆర్ గ్లోబల్_పొజిషన్.ఎక్స్ > 1350:
        క్యూ_ఫ్రీ()

గోడో 4లో తెర మామూలు కొలత 1152 × 648, వై విలువ కిందికి పోయేకొద్దీ పెరుగుతుంది. కాబట్టి కింద సుమారు 100, పక్కల సుమారు 200 చొప్పున వదిలాను. పైన హద్దే పెట్టలేదు, ఎందుకంటే పైకి వెళ్లినది ఎలాగూ కిందికి వస్తుంది. కెమెరా కదిలే ఆటయితే ఈ అంకెలను కెమెరా స్థానానికి కలిపి లెక్కించాలి.

అడుగు 4: సమయం తీరినవాటిని తీసేయండి

ఏ హద్దుకూ చిక్కకుండా తప్పించుకునేవి ఎప్పుడూ కొన్ని ఉంటాయి. స్పాన్ అయ్యే ప్రతి వస్తువుకూ ఒక గరిష్ఠ ఆయుష్షు పెట్టమంటాను. రాయికి 6 సెకన్లు చాలు. చిన్న దారి ఇది:

గెట్_ట్రీ().క్రియేట్_టైమర్(6.0).టైమవుట్.కనెక్ట్(క్యూ_ఫ్రీ)

రాయి అంతకుముందే పోయినా ఇబ్బంది లేదు. నోడ్ పోయినప్పుడు దాని ఫంక్షన్లకు కలిపిన సిగ్నళ్లు వాటంతట అవే తెగిపోతాయి. క్యూ_ఫ్రీని నేరుగా కలపండి. దాని చుట్టూ లాంబ్డా (పేరులేని చిన్న ఫంక్షన్) రాసి, అందులో వేరే నోడ్‌లను పట్టుకుంటే, అవి పోయాక టైమర్ మోగినప్పుడు ఎర్రర్ వస్తుంది.

ఈ దారిలో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. క్రియేట్_టైమర్ రెండో విలువ మామూలుగా ట్రూ. దాని అర్థం, ఆట పాజ్‌లో ఉన్నా ఈ టైమర్ నడుస్తూనే ఉంటుంది. ఆటగాడు పాజ్ చేసి టీ తాగి వచ్చేసరికి గాల్లో ఉన్న రాళ్లు ఉండవు. పాజ్‌తోపాటు ఆగాలంటే క్రియేట్_టైమర్(6.0, ఫాల్స్) అని రాయండి. లేదా సీన్‌లోనే టైమర్ నోడ్ పెట్టి వన్ షాట్, ఆటోస్టార్ట్ టిక్ చేయండి. ఆ నోడ్ మామూలు అమరికలో పాజ్‌కు లోబడే ఉంటుంది.

అడుగు 5: తగిలినప్పుడు తీసేయండి

అన్నిటికంటే ఎక్కువ తప్పులు జరిగే చోటు ఇది కాబట్టి నెమ్మదిగా వెళ్దాం.

రాయి ఏరియా2డీ (తనలోకి ఏది వచ్చిందో కనిపెట్టే నోడ్), పిట్ట క్యారెక్టర్‌బాడీ2డీ (కోడ్‌తో కదిలించే శరీరం) అనుకుందాం. రాయి తగిలితే బాడీ_ఎంటర్డ్ సిగ్నల్ వస్తుంది. అందరం మొదట రాసేది ఇదే:

ఫంక్ _ఆన్_బాడీ_ఎంటర్డ్(బాడీ):
    బాడీ.క్యూ_ఫ్రీ()
    స్కోర్.పెంచు(10)
    క్యూ_ఫ్రీ()

ఇందులో మూడు తప్పులున్నాయి.

మొదటిది: తగిలింది పిట్టేనని ఎవరు చెప్పారు? నేల కూడా బాడీయే, మంచె కూడా బాడీయే. రాయి నేలను తాకగానే నేల మాయమవుతుంది. బాడీ.ఈజ్_ఇన్_గ్రూప్("పిట్టలు") అని ముందు చూడాలి. కొలిజన్ లేయర్లు, మాస్కులు (ఏది దేన్ని తాకాలో చెప్పే అమరికలు) సరిగ్గా పెట్టుకుంటే అసలు అవసరం లేని తాకిళ్లు రానే రావు, అది ఇంకా మంచిది.

రెండోది: పక్కపక్కన వాలిన రెండు పిట్టలను రాయి ఒకే ఫ్రేమ్‌లో తాకితే ఈ ఫంక్షన్ రెండుసార్లు నడుస్తుంది. మొదటిసారే క్యూ_ఫ్రీ() పిలిచినా రాయి ఫ్రేమ్ చివరిదాకా బతికే ఉంది కదా. ఒక రాయికి ఒక పిట్టే అనుకున్న ఆటలో ఇరవై పాయింట్లు పడతాయి. ఫంక్షన్ మొదట్లోనే ఈ లైను పెట్టండి:

ఇఫ్ ఈజ్_క్యూడ్_ఫర్_డిలీషన్(): రిటర్న్

మూడోది: రాయి స్క్రిప్ట్ పిట్టను నేరుగా తొలగిస్తోంది. పిట్ట ఎలా వెళ్లిపోవాలో పిట్టకే తెలుసు. అది ముందు రెక్కలు కొట్టుకుని ఎగిరిపోవాలి, గుంపు లెక్క తగ్గాలి, ఆ తర్వాతే పోవాలి. రాయి చేయాల్సిందల్లా బాడీ.బెదురు() అని పిలవడం. ఎవరి తొలగింపు వాళ్ల స్క్రిప్టులోనే ఉండాలన్నది నేను తప్పకుండా పాటించే నియమం. రేపు పిట్టను పొగతోనో డప్పుతోనో తోలే సదుపాయం పెట్టినా అదే బెదురు() పనికొస్తుంది.

పిట్ట లోపల దెబ్బ తగిలే భాగాన్ని వేరే ఏరియా2డీగా పెట్టుకున్నవాళ్లు ఇంకో సంగతి చూసుకోవాలి. అప్పుడు ఏరియా_ఎంటర్డ్ సిగ్నల్ ఇచ్చేది ఆ లోపలి ఏరియాను, మొత్తం పిట్టను కాదు. దాన్ని తొలగిస్తే పిట్ట బొమ్మ తిరుగుతూనే ఉంటుంది, ఇక ఏ రాయీ దానికి తగలదు. ఏరియా.ఓనర్ అంటే ఆ సీన్ మొదటి నోడ్ దొరుకుతుంది, బెదురు()ను దాని మీద పిలవాలి.

ఇక భయపెట్టే ఎర్రర్ ఒకటి: ఫిజిక్స్ ప్రశ్నలు తేల్చే పని నడుస్తుండగా ఈ స్థితిని మార్చలేం, కాల్_డిఫర్డ్ వాడండి అని ఎరుపు రంగులో వస్తుంది. తాకిడి సిగ్నల్ లోపల కొలిజన్ ఆకారాన్ని ఆపినా, తాకిడి ఉన్న కొత్త నోడ్‌ను చేర్చినా ఇది వస్తుంది. క్యూ_ఫ్రీ() ఎలాగూ ఫ్రేమ్ చివరికే కాబట్టి దానితో ఈ గొడవ రాదు. మిగతావాటికి ఇలా రాయండి:

కొలిజన్.సెట్_డిఫర్డ్("డిజేబుల్డ్", ట్రూ)
పుట్టినవి.యాడ్_చైల్డ్.కాల్_డిఫర్డ్(దుమ్ము)

అడుగు 6: పోయే ముందు కనిపించాల్సినవి, వినిపించాల్సినవి

పిట్ట ఒక్క క్షణంలో మాయమైతే ఆటలో పస ఉండదు. బెదురు() నేను ఇలా రాస్తాను:

ఫంక్ బెదురు():
    ఇఫ్ బెదిరింది: రిటర్న్
    బెదిరింది = ట్రూ
    సెట్_ఫిజిక్స్_ప్రాసెస్(ఫాల్స్)
    కొలిజన్.సెట్_డిఫర్డ్("డిజేబుల్డ్", ట్రూ)
    ఎగిరిపోయింది.ఎమిట్()
    వార్ ట్వీన్ = క్రియేట్_ట్వీన్()
    ట్వీన్.ట్వీన్_ప్రాపర్టీ(సెల్ఫ్, "మాడ్యులేట్:ఏ", 0.0, 0.4)
    ట్వీన్.ట్వీన్_కాల్‌బ్యాక్(క్యూ_ఫ్రీ)

ఇక్కడ వరస ముఖ్యం. ముందు గుర్తు పెట్టుకోవాలి, తర్వాత తాకిడి ఆపాలి, ఆ తర్వాత లోకానికి చెప్పాలి, చివర కనుమరుగు చేయాలి. ఈ 0.4 సెకన్లలో ఇంకో రాయి తగిలినా రెండోసారి లెక్కకు రాదు. ట్వీన్ అంటే ఒక విలువను కొంత సమయంలో మెల్లగా మార్చేది. ఇలా నోడ్ మీద పిలిచిన క్రియేట్_ట్వీన్ ఆ నోడ్‌కు కట్టుబడి ఉంటుంది. మధ్యలో లెవెల్ మారి పిట్ట పోతే ట్వీన్ కూడా ఆగిపోతుంది. గెట్_ట్రీ().క్రియేట్_ట్వీన్() అని చేస్తే ఆ కట్టుబాటు ఉండదు.

యానిమేషన్ అయ్యాక తొలగించాలనుకుంటే యానిమేషన్_ఫినిష్డ్ సిగ్నల్‌కు కలుపుతాం. ఆ యానిమేషన్ లూప్‌లో ఉంటే ఆ సిగ్నల్ ఎప్పటికీ రాదు, నోడ్ ఎప్పటికీ పోదు. దుమ్ము లేచే యానిమేషన్‌లో లూప్ తీసేశారో లేదో ఒకసారి చూడండి.

శబ్దానిది ఇంకో తీరు. రాయి లోపలే శబ్దం నోడ్ పెట్టి, తగలగానే ప్లే() అని, వెంటనే క్యూ_ఫ్రీ() అంటే శబ్దం మొదలుకాకముందే తెగిపోతుంది. నేను రాళ్ల శబ్దానికి లెవెల్‌లోనే ఒక ఆడియోస్ట్రీమ్‌ప్లేయర్ పెట్టి, దాని మ్యాక్స్ పాలిఫొనీ విలువను 1 నుంచి 4కు పెంచుతాను. రాయి పోతూ పోతూ దాన్ని ప్లే() చేయమంటుంది. రాళ్లెన్ని పోయినా శబ్దం చేసే నోడ్ ఒక్కటే ఉంటుంది.

అడుగు 7: చేతిలో మిగిలిపోయిన చిరునామాలు

పిట్ట పోయింది. కానీ పిల్లవాడి స్క్రిప్టులో "గురి" అనే వేరియబుల్ ఇంకా ఆ పిట్టనే చూపిస్తోంది. ఇల్లు కూల్చేశాక కూడా ఉత్తరం మీద పాత చిరునామా ఉన్నట్టు. తర్వాతి ఫ్రేమ్‌లో గురి.పొజిషన్ అని అడగగానే ఆట ఆగుతుంది, ఎర్రర్‌లో ప్రీవియస్లీ ఫ్రీడ్ అన్న మాట కనిపిస్తుంది. ఈ మాట కనిపిస్తే వెతకాల్సింది తొలగించిన చోట కాదు, వాడుతున్న చోట.

వాడే ముందు ఈజ్_ఇన్‌స్టాన్స్_వ్యాలిడ్(గురి) అని అడగండి. నల్‌తో పోల్చి చూడటం మీద ఆధారపడకండి. ఫ్రేమ్ చివర పోబోతున్న నోడ్ కూడా ఈ పరీక్షలో బతికున్నట్టే తేలుతుంది. కొత్త గురిని ఎంచుకునేటప్పుడు ఈజ్_క్యూడ్_ఫర్_డిలీషన్() కూడా చూడాలి.

అవెయిట్ (ఒక సిగ్నల్ వచ్చేదాకా ఫంక్షన్‌ను ఆపి ఉంచే మాట) వాడిన ప్రతిచోటా ఇదే జాగ్రత్త కావాలి. అవెయిట్ ముందు బతికున్న నోడ్ అవెయిట్ తర్వాత ఉంటుందన్న హామీ లేదు. అర సెకను ఆగి పిట్ట మీదికి రాయి వేసే కోడ్ అయితే, ఆ అర సెకను తర్వాత పిట్ట ఉందో లేదో మళ్లీ అడగాలి.

జాబితాల్లో పెట్టుకున్నవాటిని ఏరేయడానికి:

పిట్టలు = పిట్టలు.ఫిల్టర్(ఫంక్(పి): రిటర్న్ ఈజ్_ఇన్‌స్టాన్స్_వ్యాలిడ్(పి))

ఆటోలోడ్‌లో (ఆట పొడవునా ఉండే నోడ్‌లో) ఉన్న జాబితా అయితే లెవెళ్లు మారినా అది బతికే ఉంటుంది. సిగ్నళ్లు వాటంతట తెగుతాయి కానీ జాబితాలోని పేర్లు వాటంతట పోవు. పిట్ట తన _ఎగ్జిట్_ట్రీ() ఫంక్షన్‌లో తన పేరు తానే కొట్టేసుకోవాలి.

అడుగు 8: గుంపుగా ఊడ్చేయడం, లెక్క చూసుకోవడం

గుంపు మొత్తాన్ని తీసేయాలంటే ఒక్క లైను చాలు:

గెట్_ట్రీ().కాల్_గ్రూప్("పిట్టలు", "క్యూ_ఫ్రీ")

లేదా "పుట్టినవి" నోడ్ కింద ఉన్నవన్నీ:

ఫర్ పిల్ల ఇన్ పుట్టినవి.గెట్_చిల్డ్రన్():
    పిల్ల.క్యూ_ఫ్రీ()

గెట్_చిల్డ్రన్() ఇచ్చేది నకలు జాబితా కాబట్టి తిరుగుతూ తొలగించినా ఏదీ తప్పిపోదు. వరస సంఖ్యతో గెట్_చైల్డ్(0), గెట్_చైల్డ్(1) అంటూ ఫ్రీ() చేస్తూ పోతే మాత్రం ఒకటి విడిచి ఒకటి మిగులుతాయి, ఎందుకంటే మొదటిది పోగానే రెండోది దాని స్థానంలోకి జరుగుతుంది. మీ సొంత జాబితాలో తిరుగుతూ అందులోంచే ఎరేజ్ చేసినా ఇదే జరుగుతుంది.

ఇప్పుడు చాలామంది తల పట్టుకునే చోటు. "చివరి పిట్ట పోయాక తర్వాతి గుంపు రావాలి." పిట్ట తనను క్యూ_ఫ్రీ() చేసుకుని, వెంటనే గెట్_నోడ్స్_ఇన్_గ్రూప్("పిట్టలు") ఖాళీయా అని అడుగుతుంది. ఖాళీ కాదు. తానింకా అందులోనే ఉంది. కాబట్టి తర్వాతి గుంపు ఎప్పటికీ రాదు. అవెయిట్ గెట్_ట్రీ().ప్రాసెస్_ఫ్రేమ్ అని ఒక ఫ్రేమ్ ఆగి అడగవచ్చు, కానీ ఆ ఆగే పని పోతున్న పిట్ట స్క్రిప్టులో పెట్టకూడదు, గుంపులను పుట్టించే నోడ్‌లో పెట్టాలి.

నాకు నచ్చిన దారి వేరు. పుట్టించే నోడ్‌లో "మిగిలినవి" అనే అంకె ఉంచి, పిట్టను పుట్టించినప్పుడు ఒకటి పెంచి, పిట్ట పంపే ఎగిరిపోయింది సిగ్నల్ వచ్చినప్పుడు ఒకటి తగ్గిస్తాను. హద్దు దాటి పోయే పిట్ట కూడా పోయే ముందు అదే సిగ్నల్ పంపాలి, లేకపోతే అంకె సున్నాకు రాదు. ట్రీ_ఎగ్జిటెడ్ సిగ్నల్ వాడితే తేలిక కదా అనిపిస్తుంది. కానీ అది లెవెల్ మారేటప్పుడు కూడా ప్రతి పిట్టకూ వస్తుంది. ఆట ముగుస్తుండగా కొత్త గుంపును పుట్టించే ప్రయత్నం జరుగుతుంది, ఆ సమయంలో గెట్_ట్రీ() ఖాళీగా తిరిగి రావచ్చు. స్కోరును, గుంపులను మన సొంత సిగ్నల్‌కే కట్టండి.

పూలింగ్ ఎప్పుడు?

తొలగించకుండా దాచిపెట్టి మళ్లీ వాడే పద్ధతి పూలింగ్. యూనిటీ నుంచి వచ్చినవాళ్లు మొదటి రోజే దీన్ని రాయడం మొదలుపెడతారు. అక్కడ చెత్త ఏరే యంత్రాంగం వల్ల వచ్చే కుదుపులు తగ్గించడానికి అది అవసరం. జీడీస్క్రిప్ట్‌లో ఆ కుదుపులే లేవు కాబట్టి చాలా ఆటలకు ఇన్‌స్టాన్షియేట్, క్యూ_ఫ్రీ సరిపోతాయి. ముందు ప్రొఫైలర్‌లో (ఏ ఫంక్షన్‌కు ఎంత సమయం పడుతోందో చూపే పనిముట్టులో) కొలిచి, పుట్టించడానికే సమయం పోతోందని తేలితేనే పూలింగ్‌కు వెళ్లండి.

వెళ్తే రెండు విషయాలు. దాచేటప్పుడు హైడ్() ఒక్కటే చాలదు. ప్రాసెస్_మోడ్‌ను డిజేబుల్డ్ చేయాలి, తాకిడి సిగ్నల్ లోపలయితే సెట్_డిఫర్డ్ ద్వారా. అలా చేస్తే మామూలు అమరికలో ఆ నోడ్ ఫిజిక్స్ నుంచి కూడా తప్పుకుంటుంది. మళ్లీ బయటికి తీసేటప్పుడు వేగం, పారదర్శకత, బెదిరింది గుర్తు, ఆయుష్షు అన్నీ కొత్తగా పెట్టాలి. ఒక్కటి మరిచినా కనబడని పిట్టలు, తగలని రాళ్లు వస్తాయి. పైగా ఈజ్_ఇన్‌స్టాన్స్_వ్యాలిడ్ ఇక్కడ అక్కరకు రాదు. పూల్‌లోకి వెళ్లిన పిట్ట బతికే ఉంది కదా. పాత గురి పట్టుకున్న రాయి, అదే పిట్ట ఇంకో మూల మళ్లీ లేవగానే అటు తిరుగుతుంది. దాచే ముందు ఎగిరిపోయింది సిగ్నల్ పంపి, దాన్ని పట్టుకున్నవాళ్లందరి చేతా వదిలించాలి.

ఆన్‌లైన్‌లో పలువురు కలిసి ఆడే ఆటలో మల్టీప్లేయర్‌స్పానర్ ద్వారా పుట్టించినవాటిని అధికారం ఉన్న వైపు మాత్రమే క్యూ_ఫ్రీ() చేయాలి. మిగతావాళ్ల దగ్గర ఆ స్పానరే తీసేస్తుంది.

చివరి తనిఖీ

ఆట నడుస్తుండగా ఎడిటర్‌లో సీన్ ప్యానెల్ పైన రిమోట్ అని ఒక మీట వస్తుంది. నొక్కితే నడుస్తున్న ఆటలోని నోడ్‌లన్నీ చెట్టులా కనిపిస్తాయి. "పుట్టినవి" తెరిచి చూడండి. రాళ్లు పడుతున్నకొద్దీ జాబితా పెరగాలి, తగ్గాలి.

తర్వాత కింద డీబగ్గర్‌లో మానిటర్స్ తెరిచి ఆబ్జెక్టులు, నోడ్‌లు, అనాథ నోడ్‌లు అనే మూడింటికీ టిక్ పెట్టండి. గీత రంపం పళ్లలా ఎక్కుతూ దిగుతూ ఉంటే ఆరోగ్యం. మెట్లలా ఎక్కుతూనే పోతే ఏదో మిగిలిపోతోంది. నోడ్‌ల గీత పెరిగితే చెట్టులోనే ఉన్న వాటిని వెతకండి: హద్దు, ఆయుష్షు, లూప్ యానిమేషన్. అనాథల గీత పెరిగితే యాడ్_చైల్డ్ చేయనివి, రిమూవ్_చైల్డ్ చేసి వదిలేసినవి వెతకండి. ప్రింట్_ఆర్ఫన్_నోడ్స్() పిలిస్తే వాటి వివరాలు అచ్చువేస్తుంది, డీబగ్ బిల్డ్‌లో మాత్రమే. ఆట మూసేటప్పుడు ఆబ్జెక్టులు లీక్ అయ్యాయన్న హెచ్చరిక వచ్చినా కారణం ఇలాంటిదే.

చివరగా ఒక పరీక్ష, నేను ప్రతి ఆటకూ చేసేది. పిల్లవాడు తనంతట తానే సెకనుకు 5 రాళ్లు విసిరేలా రెండు లైన్లు రాసి, గుంపులు వరసగా వచ్చేలా పెట్టి, ఆటను ఇరవై నిమిషాలు వదిలేయండి. మధ్యలో రెండుసార్లు పాజ్ చేయండి, రెండుసార్లు లెవెల్ మార్చండి. అది ఎంత ఖరీదు తక్కువ ఫోన్‌లో చేస్తే అంత మంచిది, ఎందుకంటే మన ఆట ఆడే పిల్లల చేతుల్లో ఉండేవి అవే. ఇరవయ్యో నిమిషంలో నోడ్‌ల అంకె, రెండో నిమిషంలో రాసిపెట్టుకున్న అంకెకు దగ్గరగా ఉంటే ఆ రెండు లైన్లు తీసేసి ఆటను బయటికి పంపండి.